పాటకు పేరొచ్చాక ఎవరిని నమ్మాలి?

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. నా వయసు 24 ఏళ్లు. మూడేళ్ల కిందట ఒక యూట్యూబ్ ఛానల్‌కు నేను పాడిన జానపద పాట బాగా పేరు తెచ్చుకుంది. అది నా చిన్ననాటి స్నేహితురాలి అవ్వ జొన్నచేలో కలుపు తీస్తూ పాడిన పాట. చివరి రెండు చరణాలు మాత్రం నేను కట్టాను. వీడియో కింద ‘సేకరణ’ అని ఛానల్ నడిపే అన్న పేరు వేశారు, అప్పుడు నేను పట్టించుకోలేదు. ఆ అన్న నన్ను సొంత చెల్లెలిలా చూసుకుంటాడు. ప్రోగ్రాములు ఆయనే ఒప్పుకుంటాడు. డబ్బు ఆయన ఖాతాకే వస్తుంది, నాకు అవసరమైనప్పుడల్లా ఇస్తాడు. లెక్క అడిగితే బాధపడతాడేమోనని అడగలేదు. మొదట్లో ఒక స్టాంపు పేపరు మీద సంతకం చేశాను, దాని నకలు నా దగ్గర లేదు. నాన్న అప్పులు తీరాయి, ఇల్లు కడుతున్నాం. ఒకప్పుడు మా గడప తొక్కని చుట్టాలు ఇప్పుడు తరచుగా వస్తున్నారు. ప్రొద్దుటూరు నుంచి ఒక సంబంధం వచ్చింది కానీ వాళ్లు నా సంపాదన గురించే ఎక్కువగా అడిగారు. స్నేహితురాలు మాత్రం నాతో మాట్లాడటం మానేసింది, అసూయేమో అనుకుంటున్నాను. చుట్టూ ఇంతమంది ఉన్నా ఒంటరిగా అనిపిస్తోంది. చెరువు నిండితే కప్పలు చేరతాయన్న పద్యం గుర్తొస్తోంది. ఎవరు నావాళ్లో ఎలా తెలుసుకోవాలి? పాట మానేయాలా? దసరాకు ప్రొద్దుటూరులో ఒక పెద్ద ప్రోగ్రాంకు నేరుగా నన్నే అడుగుతున్నారు, ఒప్పుకోవాలా?

సమాధానం:

అమ్మా,

ఎదుటివారి మనసులోకి తొంగిచూసే మార్గం ఎవరికీ లేదు. పేరు తెచ్చుకున్నవారికి అది మరింత కష్టం, ఎందుకంటే వారి ముందు నిలబడే మనిషి ఎంత మంచివాడైనా కొంత జాగ్రత్తతో, కొంత తెచ్చిపెట్టుకున్న నవ్వుతో నిలబడతాడు. కాబట్టి ఒక్కొక్కరినీ పరీక్షించి, వీరు నావారు, వీరు కారు అని తేల్చుకునే పని పెట్టుకోవద్దని మొదటే చెబుతున్నాను. నువ్వు గుర్తు చేసుకున్న పద్యం లోకం తీరు చెబుతుంది గానీ, అలా చేరినవారితో ఎలా మెలగాలో చెప్పదు. నీ చేతిలో ఉన్న పని వేరే ఉంది. నీ ఉత్తరంలో కనిపించే ప్రతి అనుబంధంలోనూ డబ్బు ఏదో ఒక రూపంలో కలిసి ఉంది, కానీ ఎక్కడా దాని లెక్క లేదు. ముందు ఆ రెండింటినీ విడదీయాలి. విడదీసిన తర్వాత ఎవరి ప్రేమ ఎంతో నువ్వు వెతకాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

ఛానల్ నడిపే అన్న విషయమే తీసుకో. ఆయన నిన్ను మోసం చేస్తున్నాడని నేను అనడం లేదు. అలా అనడానికి నీ ఉత్తరంలో ఆధారమేమీ లేదు. అయితే ఆయన నీకు అన్న, నీ పాటకు యజమాని, నీ కార్యక్రమాలు కుదిర్చే మనిషి, నీ డబ్బు దాచే మనిషి. ఈ నాలుగు పాత్రలూ ఒక్కరే పోషిస్తున్నప్పుడు, ఒక పాత్రను ప్రశ్నిస్తే మిగతా మూడూ నొచ్చుకుంటాయి. అందుకే లెక్క అడగడానికి నీకు నోరు రాలేదు. ఆయన నిజాయితీపరుడే అయితే ఈ ఏర్పాటు ఆయనకూ అన్యాయం చేస్తోంది, ఎందుకంటే రేపు ఎవరైనా నీ చెవిలో ఒక మాట వేస్తే, అది తప్పని నిరూపించుకోవడానికి ఆయన దగ్గర కాగితం ఉండదు. అడిగితే తెగిపోతుందేమోనని భయపడుతూ మోస్తున్న బంధం వల్ల నీకు మనశ్శాంతి దొరకదు, ఆయనకు దక్కవలసిన గౌరవమూ దక్కదు.

పాడేవారికీ, వారిని ఆదరించే కలిగినవారికీ మధ్య ఈ చిక్కు కొత్తది కాదు. మన రాజంపేట దగ్గరి తాళ్లపాకలో 1408లో పుట్టిన అన్నమాచార్యులకు, టంగుటూరు పాలకుడుగా ఉండి తర్వాత విజయనగర సింహాసనం దాకా ఎదిగిన సాళువ నరసింగరాయలతో గాఢమైన స్నేహం ఉండేది. ఒకనాడు కొలువులో అన్నమయ్య వేంకటేశ్వరుని మీద పాడిన శృంగార పదం విని మురిసిన రాజు, తన మీద కూడా అలాంటి పదం చెప్పమన్నాడనీ, హరిని కీర్తించిన నాలుకతో మనిషిని పొగడలేనని ఆయన నిరాకరిస్తే సంకెళ్లు వేయించి చెరలో పెట్టించాడనీ, తర్వాత పశ్చాత్తాపపడ్డాడనీ అన్నమయ్య మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్ర చెబుతోంది. భక్తి కథగానే మనం దీన్ని చెప్పుకుంటాం. నాకు మాత్రం ఇందులో స్నేహం గురించిన సంగతి ఎక్కువగా కనిపిస్తుంది. రాజు ఇచ్చిన ఆదరణలో అబద్ధమేమీ లేదు, కానీ దానికి బదులుగా ఏమి ఆశిస్తున్నాడో ఆ రోజు దాకా ఇద్దరి మధ్యా మాటకు రాలేదు. మాటకు వచ్చిన రోజే స్నేహం చెరసాల దాకా వెళ్లింది.

పాశ్చాత్య దేశాల పాటల వ్యాపారంలో డబ్బు మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, అక్కడి గాయకుల జీవితాల్లో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని ఒక పేద కుటుంబంలో పుట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఎల్విస్ ప్రెస్లీ చుట్టూ ఎప్పుడూ ఒక బృందం ఉండేది. వారిలో చాలామంది స్నేహితులే, కొందరు బంధువులే, కానీ ఎక్కువమంది ఆయన దగ్గర జీతం తీసుకునేవారు. ఆయన వారికి కార్లు కొనిపెట్టేవాడు. తర్వాతి ఏళ్లలో ఆయన మేనేజర్ రాబడిలో సగం దాకా తీసుకునేవాడు. 1977 ఆగస్టు 16న ఆయన చనిపోయేనాటికి వయసు 42 ఏళ్లే. మందుల వాడకం మితిమీరి ఆరోగ్యం క్షీణిస్తున్న సంగతి ఇంట్లో తిరిగేవారందరికీ తెలుసు. ఒకరిద్దరు హెచ్చరించకపోలేదు, కానీ ఆయన ఇచ్చే జీతం మీద బతుకుతూ ఆయన మాటకు అడ్డుపడి నిలబడడం ఎవరి వల్లా కాలేదు. వారందరూ కపటులని నేను అనుకోను. మన మీద ఆధారపడి బతికే మనిషి మనల్ని ఎంత ప్రేమించినా, ‘వద్దు’ అనడానికి అతనికి చాలా ధైర్యం కావాలి.

కెనడా కవి, గాయకుడు లియొనార్డ్ కోహెన్ కథ ఇంకో రకం. ఏళ్ల తరబడి తన వ్యవహారాలు చూసిన, కుటుంబానికి దగ్గరగా మెలిగిన మేనేజర్ చేతికే ఆయన డబ్బు వ్యవహారమంతా వదిలేశాడు. వృద్ధాప్యం కోసం దాచుకున్నదంతా దాదాపు ఖాళీ అయిందని 2004 ప్రాంతంలో గానీ ఆయనకు తెలియలేదు. కోర్టు 2006లో ఆయన పక్షానే తీర్పు ఇచ్చినా పోయిన సొమ్మును రాబట్టుకోవడం గగనమైంది. చివరకు 2008లో, 73 ఏళ్ల వయసులో, ఆయన మళ్లీ ఊరూరా తిరిగి కచేరీలు చేయడం మొదలుపెట్టాడు. ఆ కచేరీలను జనం ఎంతో ఆదరించారన్నది నిజమే. కానీ ఆ వయసులో వేదిక ఎక్కాలా వద్దా అన్నది ఆయన ఇష్టంగా మిగలకుండా అవసరంగా మారింది. ఏళ్ల తరబడి పడిన సంతకాలను, ఖాతాలను ఎవరూ మధ్య మధ్య సరిచూడకపోవడమే దీనికి మూలం.

ఇప్పుడు నీ కాగితం సంగతి. ఛానల్ అన్నను ఒక నకలు అడుగు. ‘నీ మీద నమ్మకం లేక కాదన్నా, నా దగ్గర కూడా ఒకటి ఉండాలి’ అంటే చాలు. కాపీరైట్ చట్టం 1957 నాటిది. దానికి 2012లో చేసిన సవరణ నీలాంటివారికి చాలా మేలు చేసింది. నువ్వు కట్టిన రెండు చరణాలకు నువ్వే రచయితవు. ఆ రికార్డింగును వాడుకున్నందుకు వచ్చే రాయల్టీని, హక్కులు తీసుకున్నవారితో సమానంగా పంచుకునే హక్కు రచయితకు ఉంది. ఆ హక్కును వదులుకుంటున్నానని ఎవరైనా సంతకం చేయించుకున్నా అది చెల్లదు. వారసులకో, రాయల్టీలు వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప దానిని మరొకరికి బదలాయించడం కుదరదు. పాడినవారికి కూడా తమ గానాన్ని వ్యాపారానికి వాడుకున్నప్పుడు రాయల్టీ పొందే హక్కును అదే సవరణ ఇచ్చింది. ఇక హక్కులను ఎంత కాలానికి ఇస్తున్నదీ కాగితంలో రాయకపోతే చట్టం దానిని అయిదేళ్లుగా భావిస్తుంది. ఏ ప్రాంతానికని రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తుంది. నీ కాగితంలో గడువు లేకపోతే, ఇప్పటికి మూడేళ్లు గడిచాయి కాబట్టి ఇంకా రెండేళ్లే మిగిలి ఉన్నట్టు లెక్క. ఇవన్నీ కాగితం చదివితే గానీ తేలవు, చదవడానికి న్యాయవాది కావాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. కడపలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు పెట్టుకుంటే న్యాయవాదిని ఏర్పాటు చేస్తారు. అక్కడికి వెళ్లడమంటే కేసు పెట్టడమని నువ్వు గానీ, ఆయన గానీ అనుకోనవసరం లేదు. సలహా కోసం కూడా వెళ్లవచ్చు. పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, గాయకులకు 2013లో ఇండియన్ సింగర్స్ రైట్స్ అసోసియేషన్‌గా ఏర్పడి, ఇప్పుడు ఇండియన్ సింగర్స్ అండ్ మ్యుజీషియన్స్ రైట్స్ అసోసియేషన్‌గా పేరు మార్చుకున్న సంస్థ ఉన్నాయి. వాటిలో సభ్యత్వం గురించి కూడా ఆ న్యాయవాదినే అడుగు.

యూట్యూబ్ రాబడి సంగతి కూడా తెలుసుకుని ఉండాలి. మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం ఛానల్‌కు ఇస్తారు, అది ఛానల్‌కు జతచేసిన యాడ్‌సెన్స్ ఖాతాకు, అంటే ప్రకటనల డబ్బు చెల్లించడానికి గూగుల్ పెట్టిన ఖాతాకు చేరుతుంది. ఏ వీడియోకు ఏ నెలలో ఎంత వచ్చిందో యూట్యూబ్ స్టూడియోలో కనబడుతుంది, ఇంకొకరికి చూసే అనుమతి కూడా ఇవ్వవచ్చు. కాబట్టి లెక్క చెప్పడం కష్టమైన పనేమీ కాదు. పాటలు వినిపించే యాప్‌ల నుంచి, కాలర్ ట్యూన్ల నుంచి వచ్చేది వేరుగా ఉంటుంది. దాన్నీ అడుగు. వేదిక కార్యక్రమాల డబ్బు మాత్రం ఇకపై నీ పేరున ఉన్న ఖాతాకే రావాలి. కుదిర్చిపెట్టినందుకు ఆయనకు ఇంత శాతమని మాట్లాడుకుని, ఆ మొత్తాన్ని నువ్వే ఆయనకు పంపించు. సంపాదన అంతా ఆయన పాన్ నంబరు మీద నడుస్తున్నంత కాలం ప్రభుత్వం లెక్కలో నీకు ఆదాయమే లేనట్టు, రేపు ఇంటికి బ్యాంకు అప్పు కావాలన్నా చూపించడానికి నీ దగ్గర ఏమీ ఉండదు. ఇదంతా మాట్లాడిన తర్వాత కూడా ఆయన నిన్ను చెల్లెలిలాగే చూస్తే, ఆ ప్రేమను ఇక ఏ అనుమానమూ లేకుండా అందుకోవచ్చు. ఆయన ముఖం మాడ్చుకుంటే కొంతకాలం ఓపిక పట్టు, మంచివారికి కూడా లెక్క అడిగిన మొదటి రోజు కష్టంగానే ఉంటుంది. నకలు ఇవ్వడానికే నిరాకరిస్తే మాత్రం ఆలస్యం చేయకు.

చుట్టాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. వచ్చినవారికి అన్నం పెట్టండి, ఆదరంగా మాట్లాడండి. అప్పు అడిగినవారికి జవాబు నీ తరఫున నాన్నగారు చెప్పాలి, నాన్నగారు ఇచ్చే మాటకు ముందుగా ఇంట్లో ఒక హద్దు అనుకుని ఉండాలి. ఒక పాట తెచ్చిన ఆదరణ కొన్ని నెలల్లోనే తగ్గిపోవడం ఈ రంగంలో మామూలు విషయం. కాబట్టి ఇల్లు పూర్తయ్యేవరకు కారు, నగలు వాయిదాల మీద కొనవద్దు. ప్రొద్దుటూరు సంబంధం విషయంలో తొందరపడకు. సంపాదన గురించి అడగడం ఒక్కటే తప్పని నేను అనను, పెళ్లి మాటల్లో అబ్బాయి జీతం మనమూ అడుగుతాం. అయితే పాటలు సరిగా ఆడని ఏడాదిలో, గొంతు బాగాలేక ఇంట్లో ఉండాల్సిన ఏడాదిలో మన ఇల్లు ఎలా నడుస్తుందని ఆ అబ్బాయిని నేరుగా అడుగు. అతను చెప్పే జవాబుతో పాటు, జవాబు చెప్పేది అతనేనా, అతని తల్లిదండ్రులా అన్నది కూడా గమనించు.

నీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను ఆపి ఆలోచింపజేసింది నీ స్నేహితురాలి గురించి నువ్వు రాసిన రెండు మాటలు. ఆమెది అసూయేమో అన్నావు. నాకు అలా అనిపించడం లేదు. ఆమె ఇంట్లో ఆమె అవ్వ పాడుతూ వచ్చిన పాటను లక్షలమంది విన్నారు. దాని కింద ‘సేకరణ’ అని ఉన్న పేరు వేరొకరిది. ఆ అవ్వ పేరు ఎక్కడా లేదు. తన స్నేహితురాలు ఆ పాటతో ఇల్లు కట్టుకుంటోంది, పాట ఇచ్చిన మనిషిని మాత్రం ఎవరూ తలుచుకోవడం లేదు. ఈ పరిస్థితిలో ఆమె మౌనంగా ఉండడం చాలా మర్యాదగల కోపమని నేను అనుకుంటున్నాను. నీ చుట్టూ చేరినవారందరూ నీ దగ్గర ఏదో ఆశించి వచ్చినవారు కాగా, ఆమె ఒక్కతే ఏమీ అడగకుండా దూరంగా జరిగింది. ఎవరు నీవారో తెలుసుకోవాలని అడిగావు కదా, ఏ కారణంతోనో నీకు దగ్గరగా రాని ఈ మనిషి వైపు నువ్వు మొదట చూడాలి. మీ ఇద్దరి మధ్య ఈ దూరం ఆమె వల్ల వచ్చింది కాదు.

తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చిన జానపద పాటకు చట్టం ఎవరినీ యజమానిగా గుర్తించదు. కాబట్టి ఆ అవ్వకు చట్టం ద్వారా దక్కేది ఏమీ ఉండకపోవచ్చు. ఆ కారణం వల్లనే నీ బాధ్యత పెరుగుతుంది. మన సీమ పల్లెల్లో కలుపు పాటలు, నాట్ల పాటలు, తిరగలి పాటలు పాడిన ఆడవాళ్లలో చాలామంది పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. పాటను ఊరూరా తిరిగి సేకరించి అచ్చువేసిన పెద్దల్లో కొందరైనా పాడినవారి పేరు, ఊరు రాసుకోవడం నియమంగా పాటించేవారు. ఛానళ్లు వచ్చిన తర్వాత ఆ నియమం చాలాచోట్ల పోయింది, పాడించినవారే సేకరించినవారుగా చెలామణి అవుతున్నారు. నీ పాటకు ఈ లోటు రాకుండా చూడడం నీకు సాధ్యమే. వీడియో కింద రాత మార్చడానికి కొన్ని నిమిషాలు చాలు. కాబట్టి ఆ అవ్వ పేరు, ఊరు పెట్టమని ఛానల్ అన్నను అడుగు. నీకు వచ్చే దానిలో ఒక భాగం ఆమెకు ఇవ్వాలని నేను గట్టిగా అంటాను. ఎంత అన్నది నీ ఇష్టం, కానీ ఒక్కసారి చేతిలో పెట్టి వచ్చేలా కాక, పాట నుంచి డబ్బు వస్తున్నంత కాలం చేరేలా ఏర్పాటు చేయి. ఆ ఇంటికి వెళ్లేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసే మనిషిని వెంట తీసుకెళ్లకు. అవ్వ కాళ్లకు దండం పెట్టే దృశ్యం ఛానల్‌లో పెడితే వ్యూస్ వస్తాయి గానీ, నీ స్నేహితురాలితో మాట కలవడానికి అది ఏ విధంగానూ పనికిరాదు. అవ్వ దగ్గర ఇంకా పాటలు ఉంటే ఆమె ఇష్టపడితేనే, నీ కోసం రికార్డు చేసుకో. వాటిని పాడాలనుకుంటే ముందు ఆ ఇంట్లో అడుగు. ఆమె మనవరాలు వెంటనే కరిగిపోతుందని నేను మాట ఇవ్వలేను. ఆమెకు నీ మీద కోపంగా ఉండే హక్కు ఉంది, ఆ కోపం తీరడానికి పట్టే కాలం ఆమెది.

ఒంటరితనం గురించి రాశావు. చప్పట్లు కొట్టేవారి మధ్య కలిగే ఒంటరితనానికి ఒక కారణం, నీ పాట ఎలా ఉందో నిజంగా చెప్పే మనిషి దగ్గరలో లేకపోవడమే అని నాకు అనిపిస్తుంది. మూడేళ్లుగా నీకు అందరూ బాగుందనే చెబుతున్నారు. నీ గొంతులో తప్పును పట్టుకుని, ఈ శ్రుతి నిలవలేదు, ఈ మాట నలిగిపోయింది అని చెప్పగల గురువు ఒకరు కావాలి. శాస్త్రీయ సంగీతం నేర్చుకుని తీరాలని కాదు, గొంతును కాపాడుకోవడం నేర్పేవారైతే చాలు. 1963 నుంచి నడుస్తున్న కడప ఆకాశవాణి కేంద్రంలో జానపద గాయకులకు కూడా ఆడిషన్ ఉంటుంది. అక్కడ ఎంత మంది చూశారన్న ప్రశ్న రాదు, పాడిన పద్ధతిని బట్టే నిర్ణయిస్తారు. ఎంపికైనా కాకపోయినా ఆ అనుభవం నీకు మేలు చేస్తుంది. మీ ఊళ్లో పండరి భజన గానీ, చెక్కభజన గానీ ఉంటే, ఊళ్లో ఉన్న రోజుల్లో వెళ్లి అందరితో పాటు పాడు. గుంపులో ఒక గొంతుగా పాడి ఎంత కాలమైందో ఒకసారి గుర్తు చేసుకో.

పాట మానేయవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. నిన్ను నలిపివేస్తున్నది పాట కాదు, దాని చుట్టూ తేలకుండా ఉండిపోయిన లెక్కలు, ఒక అవ్వకు చెల్లించని గౌరవం. ఇవి తేల్చుకోదగినవే. దసరా కార్యక్రమం ఒప్పుకో. ప్రొద్దుటూరు దసరాకు చుట్టుపక్కల ఊళ్ల జనమంతా వస్తారు, అక్కడ పాడే అవకాశం వదులుకోదగింది కాదు. నిర్వాహకుల నుంచి మొత్తం ఎంత, బయానా ఎంత, ప్రయాణం, వాద్యకారుల ఖర్చు ఎవరిది, వీడియో తీసి ఛానల్‌లో పెట్టుకునే హక్కు ఎవరిది అన్నవి కాగితం మీద గానీ, కనీసం వాట్సాప్‌లో స్పష్టమైన మాటల్లో గానీ రాయించుకో. డబ్బు నీ ఖాతాకే వేయమను. అయితే ఒప్పుకునే ముందు నీ పాత కాగితంలో, బయట కార్యక్రమాలు ఛానల్ ద్వారానే చేయాలన్న షరతు ఏమైనా ఉందేమో న్యాయవాదితో చూపించుకో. అలాంటిదేమీ లేదని తేలితే, నిర్వాహకులకు మాట ఇచ్చే ముందే ఆ సంగతి ఛానల్ అన్నకు నువ్వే స్వయంగా వెళ్లి చెప్పు. ఆయన దానిని ఇంకొకరి నోట వినకూడదు.